మటోనబీ వెంట

కాస్త ఇటు జరగండిరా, సెగ తగిలేట్టు. బయట మైనస్ ముప్ఫై అంటున్నాడు మీ నాన్న. చిన్నోడా, ఆ దుప్పటి చెల్లెలికీ కప్పు. ఇవాళ మన రాజుల కథలు కాదు. మీరు పుట్టిన ఈ గడ్డ మీద నిజంగా జరిగింది చెబుతాను. మనం బతకడానికి వచ్చిన నేల ఇది. ఇక్కడి పాత సంగతులు మన ఇంట్లోనూ, మన తెలుగులోనూ చెప్పుకోవాలని నా పట్టుదల.

మన విన్నిపెగ్‌కి ఉత్తరాన వెయ్యి కిలోమీటర్లు పోతే చర్చిల్ వస్తుంది. తెల్ల ఎలుగుబంట్లను చూడ్డానికి జనం వెళ్తారే, ఆ ఊరే. చర్చిల్ నది హడ్సన్ బే సముద్రంలో కలిసే మూల మీద ఓ రాతికోట ఉంది, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కోట. 1730ల్లో మొదలుపెడితే దాదాపు నలభై ఏళ్లు కట్టారు దాన్ని. కట్టించింది రాజు కాదు, వ్యాపారులు. మన దేశానికి ఈస్టిండియా కంపెనీ వచ్చింది కదా, అలాగే రాజు దగ్గర పట్టా పుచ్చుకుని 1670లో పుట్టింది హడ్సన్స్ బే కంపెనీ. వీళ్లకు కావలసింది బీవర్ అనే జంతువు తోళ్లు. లండన్ దొరల టోపీలు చాలావరకు ఆ బొచ్చుతోనే తయారయ్యేవి.

కోటకి తోళ్లు తెచ్చేవాళ్లలో చిపెవ్యాన్ డెనే జనం ఉండేవాళ్లు. వాళ్లు అప్పుడప్పుడూ రాగి ముక్కలు కూడా తెచ్చేవారు. ఉత్తరాన చాలా దూరంలో ఓ నది ఉంది, ఆ పక్కన కొండలన్నీ రాగేనని చెప్పేవారు. కోట పెద్ద మోజెస్ నార్టన్‌కి ఆ మాట చెవిలో పడ్డాక నిద్ర పట్టలేదు. పైగా అప్పట్లో ఇంగ్లండులో అందరికీ ఇంకో ఆశ ఉండేది. ఈ ఖండాన్ని అడ్డంగా చీల్చుకుంటూ చైనా వైపు పోయే సముద్రపు దారి ఎక్కడో ఉందని, అది దొరికితే ఓడలు చుట్టు తిరిగి పోనక్కర్లేదని. అసలు ఆ వైపు ఏముందో తెల్లవాళ్ల పటాల్లో లేదు. చర్చిల్‌కి పడమరంతా తెల్ల కాగితమే.

నార్టన్ ఎంచుకున్న మనిషి శామ్యూల్ హెర్న్. అప్పటికి ఇరవై నాలుగేళ్లవాడు. చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే నౌకాదళంలో చేరి, తర్వాత కంపెనీలో ఓడ పని చేస్తున్నాడు. కష్టానికి ఓర్చేవాడు, నడకలో గట్టివాడు, పటం గీయడం కొంత వచ్చు. 1769 నవంబరు 6న కోట ఫిరంగులు ఏడుసార్లు పేల్చి సాగనంపారు. దారి చూపడానికి చాచినాహా అనే ఆయన్నీ, తోడు ఇద్దరు ఇంగ్లీషువాళ్లనీ ఇచ్చారు.

ఆ ప్రయాణం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తిండి అందలేదు. కొన్నాళ్లకి దారి చూపేవాళ్లే సామాను పట్టుకుని వేరే దిక్కుకి పోయారు. డిసెంబరు 11కల్లా హెర్న్ మళ్లీ కోట గుమ్మంలో ఉన్నాడు.

రెండోసారి 1770 ఫిబ్రవరిలో బయల్దేరాడు. ఈసారి తోటి ఇంగ్లీషువాళ్లెవరూ వద్దన్నాడు. అది తెలివైన పనే. కానీ దారి చూపే కొన్నీక్వీస్ అతన్ని ఆ నది దాకా తీసుకెళ్లలేకపోయాడు. తిరిగి తిరిగి ఆగస్టు వచ్చింది. ఓ రోజు మధ్యాహ్నం క్వాడ్రంట్ నిలబెట్టాడు. అంటే సూర్యుడి ఎత్తు కొలిచి మనం భూమి మీద ఎంత ఉత్తరాన ఉన్నామో లెక్కగట్టే పరికరం. దాన్ని అలాగే వదిలి పక్కన కూచుని తింటున్నాడు. ఒక్క గాలి విసురు వచ్చింది. క్వాడ్రంట్ రాళ్ల మీద పడి ముక్కలైంది. అది లేకుండా ముందుకెళ్లినా పటం రాదు. వెనక్కి తిరిగాడు. అది చాలదన్నట్టు, దారిలో కలిసిన ఓ గుంపు అతని తుపాకీతో సహా దాదాపు ఉన్నవన్నీ ఊడ్చుకుపోయింది. చలి మొదలైంది. ఒంటి మీద తోలు బట్టల్లేవు, కాళ్లకి మంచు చెప్పుల్లేవు, డేరా లేదు.

అలాంటప్పుడు ఎదురొచ్చాడు మటోనబీ.

ఆరడుగుల మనిషి. తండ్రి డెనే. తల్లితో ఆయన పెళ్లి కుదిర్చింది అప్పటి కోట పెద్ద రిచర్డ్ నార్టన్, అంటే మోజెస్ వాళ్ల నాన్న. తండ్రి పోయాక పిల్లాడు కొన్నాళ్లు కోటలో పెరిగాడు, కొన్నాళ్లు తన వాళ్ల మధ్య. సొంత భాషే కాక క్రీ అనే పొరుగు జనం భాష బాగా వచ్చు, ఇంగ్లీషు కొంత వచ్చు. అప్పట్లో క్రీలకీ డెనేలకీ పడేది కాదు. అలాంటిది ఈయన ఒంటరిగా క్రీల గుడారాల్లోకి నడిచి వెళ్లి, ఏళ్ల తరబడి వెళ్లి వస్తూ, వాళ్లతో సంధి కుదిర్చాడు. హెర్న్‌ని చూసి ముందు ఏం చేశాడో తెలుసా? అతని కష్టం తెలియగానే నీటికుక్క తోళ్లతో వెచ్చటి దుస్తులు కుట్టించి ఇచ్చాడు. తర్వాత కూచోబెట్టి, నీ రెండు ప్రయాణాలూ ఎందుకు చెడ్డాయో చెబుతానన్నాడు.

ఆడవాళ్లని తీసుకెళ్లకపోవడమే అన్నాడు. మగవాళ్లంతా బరువులు మోస్తే వేటాడేదెవరు? వేట దొరికితే ఆ మాంసం లాగేదెవరు? డేరా వేసేదెవరు, బట్టలు కుట్టేదెవరు, చెప్పులు బాగుచేసేదెవరు? ఇద్దరు మగవాళ్లు మోసేంత బరువు ఒక్క ఆడది మోస్తుందని చెప్పాడు. వాళ్లకి తిండి ఖర్చు కూడా తక్కువే, వండేటప్పుడు వేళ్లు నాక్కున్నా సరిపోతుంది అని కూడా అన్నాడు. ఆ చివరి మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కానీ మొదట చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. తెల్లవాళ్లు కోటలో కూచుని వేసిన ప్లానులో ఆడవాళ్లే లేరు. ఆ నేల మీద వేల ఏళ్లుగా బతికినవాళ్లు ప్రయాణమంటే ఇల్లు మొత్తం కదలడమని ఎరుగుదురు. ఇల్లు లేకుండా నాలుగు రోజులు కూడా ఎవరూ బతకరు అక్కడ.

నవంబరు 25న కోటకి చేరిన హెర్న్, డిసెంబరు 7న మూడోసారి బయల్దేరాడు. పన్నెండు రోజులకి మించి ఒళ్లు ఆరబెట్టుకోలేదు. ఈసారి మటోనబీ, ఆయన భార్యలు, పిల్లలు, బంధుబలగం. నడిపించేది హెర్న్ కాదు. ఆ ఇల్లు ఎటు పోతే అటు అతనూ పోయాడు. నా లెక్కలో ఆ ప్రయాణం గెలిచింది అక్కడే.

గెలిచిందంటే హాయిగా సాగిందనుకోకండి. ఆ క్రిస్మస్‌కి వాళ్ల కడుపులో గింజ లేదు. మంచు కరిగించిన నీళ్లు, పొగాకు, అంతే. ఇంగ్లండులో ఈపాటికి ఏమేం వండుతుంటారోనని హెర్న్ తలుచుకుంటూ నడిచాడు. తర్వాత కారిబూ జింకల మందలు తగిలాయి. మందలు తగిలాయంటే మకాం, తిండి, పండగ. రోజుల తరబడి పస్తు, ఆ వెంటనే రోజుల తరబడి విందు, అలా ఉండేది వాళ్ల బతుకు.

ఆ విందు సంగతి చెప్పాలి మీకు. ఇనప గిన్నెలు తక్కువ కదా, బర్చ్ చెట్టు బెరడుతో కుట్టిన గిన్నెలో నీళ్లూ మాంసం వేసేవాళ్లు. బెరడు గిన్నె నిప్పు మీద పెడితే అంటుకుంటుంది. అందుకని రాళ్లని ఎర్రగా కాల్చి ఒక్కొక్కటీ నీళ్లలో వేసేవాళ్లు. నీళ్లు తెర్లేవి. ఇంకోటి, హెర్న్ తెగ మెచ్చుకున్న వంటకం. కారిబూ పొట్ట సంచిని శుభ్రం చేసి, అందులో నెత్తురు, ముక్కలు చేసిన కొవ్వు, మెత్తటి మాంసం, గుండె, ఊపిరితిత్తులు కూరి, మూతి కట్టి మంట ముందు తాడుతో వేలాడదీసేవాళ్లు. ముఖాలు అలా పెట్టకండి. మైనస్ నలభైలో పగలంతా మంచు బండి లాగితే మీరూ అడిగి మరీ తింటారు. చెట్టన్నది లేని చోటికి పోయాక నిప్పు కూడా లేదు. నాచు ఉంటే అదీ తడిసి ఉండేది. పచ్చి మాంసం, పచ్చి చేప తిన్నారు.

ఒక్క మనిషికి చలికి ఆగే బట్టలు కావాలంటే ఎనిమిది నుంచి పదకొండు కారిబూ తోళ్లు. తాళ్లు, చెప్పులు కలిపితే ఏడాదికి మనిషికి ఇరవైకి పైనే. ఆ తోళ్లు గీకి, మెత్తబరిచి, కుట్టిందంతా ఆడవాళ్లు. ఓ ఆడమనిషికి దారిలో నొప్పులొచ్చాయి. దాదాపు యాభై రెండు గంటలు పడింది పాపం. బిడ్డ పుట్టిన వెంటనే డేరాలు పీకేశారు. బిడ్డని వీపుకి కట్టుకుని మంచులో నడిచింది. ఆమె బండిని వేరేవాళ్లు లాగింది ఒక్క రోజు. మర్నాటి నుంచి మళ్లీ ఆమె మోతే. పక్కన నడుస్తున్నది చూసి హెర్న్ జాలిపడి రాశాడు. కాగితం మీద గీసిన ఆ దారి వెనక ఆమె అడుగులున్నాయి.

మే నెలకి క్లోవీ అనే సరస్సు చేరారు. బెరడు పడవలు అక్కడ కట్టుకున్నారు. ఇంకా చాలామంది వచ్చి కలిశారు. అక్కడే హెర్న్‌కి తెలిసింది, వీళ్లలో చాలామంది వస్తున్నది రాగి కోసం కాదని. కాపర్‌మైన్ నది దగ్గర ఇన్యూట్ జనం చేపలు పట్టుకోవడానికి దిగుతారు, వాళ్ల మీద పాత పగ తీర్చుకోవాలి. వద్దని హెర్న్ చెప్పి చూశాడు. పిరికివాడివన్నారు. నోరు మూసుకున్నాడు. ఆడవాళ్లనీ పిల్లల్నీ దారిలో వదిలి, చెక్క డాళ్లు తయారు చేసుకుని ముందుకెళ్లారు.

1771 జూలై 17. అర్ధరాత్రి దాటి ఒంటిగంట. అంత ఉత్తరాన ఆ రోజుల్లో రాత్రంతా వెలుతురుంటుంది. జలపాతం పక్కన డేరాల్లో ఇన్యూట్ కుటుంబాలు నిద్రపోతున్నాయి. మీద పడి చంపేశారు. ఇరవై మందికి పైనే, ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఓ పడుచుపిల్ల పారిపోయి వచ్చి హెర్న్ కాళ్లు చుట్టేసుకుంది. అతని కాళ్ల దగ్గరే ఈటెలతో పొడిచారు. అంతకంటే మీకు చెప్పను. అచ్చు పుస్తకంలో ఆ ఘట్టాన్ని తర్వాత పెంచి రాశారని అనే పండితులున్నారు, ఉండనీ. చావులు చావులే. ఆ చోటు ఇప్పటికీ పటాల్లో బ్లడీ ఫాల్స్, నెత్తుటి జలపాతం. ఆ పక్కనే సముద్రం ఒడ్డున కుగ్లుక్‌టుక్ అనే ఊరుంది, ఇన్యూట్ల ఊరే.

కొద్ది మైళ్లు దిగితే సముద్రం. ఉత్తర అమెరికాకి పైన ఉన్న ఆర్కిటిక్ సముద్రాన్ని నేల మీదుగా నడిచి వెళ్లి చూసిన మొదటి యూరప్ మనిషి శామ్యూల్ హెర్న్. చూసింది ఏమిటి? మంచు గడ్డలు, వాటి మీద సీల్ జంతువులు, రాళ్లూ ఇసుక మేటలూ నిండిన నది. ఓడ మాట దేవుడెరుగు, పడవ పోవడమే కష్టం. పొగమంచు, తుంపర. సూర్యుడు కనబడక కొలత తీసుకోలేకపోయాడు, అడుగుల అంచనాతో లెక్కగట్టాడు. ఆ లెక్క నాలుగు డిగ్రీలు తప్పింది. నది ముఖాన్ని ఉన్నచోటికంటే చాలా ఉత్తరాన వేశాడు. తర్వాత కొందరు భూగోళ పండితులు దాన్ని పట్టుకుని అతన్ని చులకన చేశారు. ఆ కుర్చీల్లో కూచున్నవాళ్లలో ఒక్కడూ అక్కడికి నడిచి ఉంటే నేనూ వినేవాణ్ని.

ఇక రాగి కొండలు. ఓడలకి ఓడలు నింపుకోవచ్చని విన్నాడు కదా. నాలుగు గంటలు గుంపంతా వెతికితే చేతికి తగినంత ముక్క ఒక్కటి దొరికింది. నాలుగు పౌండ్లు, రెండు కిలోలకి తక్కువే. మిగతాదంతా రాళ్ల గుట్ట.

రాగి ఎందుకు లేదో అక్కడి డెనేలు హెర్న్‌కి ఓ కథ చెప్పారు. రాగి కత్తులు వాడే జనం వాళ్లు, మీరు విన్న యెల్లోనైఫ్ పట్నానికి పేరు వాళ్ల నుంచే వచ్చింది. ఆ గనిని మొదట కనిపెట్టింది ఓ ఆడమనిషి అట. ఏడాదికోసారి మగవాళ్లకి దారి చూపించి తీసుకెళ్లేది. గుంపులో ఆడది తనొక్కతే. ఓ ఏడాది మగవాళ్లు ఆమెతో తప్పుగా నడుచుకున్నారు. రాగి మూటలు కట్టుకుని బయల్దేరదామంటే ఆమె రానంది. ఈ గని మీదే కూచుంటాను, ఇది నేలలో దిగిపోయేదాకా లేవను, దీంతోపాటే నేనూ పోతానంది. మరుసటేడు వచ్చి చూస్తే నడుము దాకా దిగిపోయి ఉంది, ఇంకా ప్రాణంతోనే. రాగి తగ్గిపోయింది. ఆ పై ఏడు వస్తే ఆమె లేదు, గని లేదు. అక్కడక్కడా నాలుగు ముక్కలు. హెర్న్‌కి దొరికింది ఆ ముక్కల్లో ఒకటి.

తిరుగు ప్రయాణంలో మగవాళ్లు ఆడవాళ్లని వదిలిన చోటికి త్వరగా చేరాలని పరుగులాంటి నడక నడిచారు. హెర్న్ కాళ్లు వాచాయి. కాలి గోళ్లు చీముపట్టి ఊడిపోయాయి. వేళ్ల మధ్య తోలు లేచిపోయి, అందులో ఇసుకా గులకా చేరి, వేసిన అడుగల్లా నెత్తుటి ముద్రే. ఆగుదామంటే కుదరదు, ఆగితే ఒంటరివాడివి. ఆడవాళ్లని కలుసుకున్నాకే కాళ్లకి కాస్త ఊరట.

ఆ చలికాలం గ్రేట్ స్లేవ్ సరస్సుని గడ్డకట్టిన మంచు మీద దాటారు. అదీ ఏ యూరప్‌వాడూ అప్పటిదాకా చూసింది కాదు. దాటిన రెండు రోజులకి, 1772 జనవరి 11న, వేటకెళ్లినవాళ్లు ఓ కొత్తరకం మంచు చెప్పుల జాడ చూశారు. జాడ పట్టుకుని పోతే చిన్న గుడిసె. లోపల ఓ పడుచు ఒంటరిగా ఉంది.

ఈమె కథ కోసమే నేనిదంతా మొదలుపెట్టానని చెప్పినా తప్పులేదు. డాగ్రిబ్ జనం పిల్ల. ఏడాదిన్నర కిందట వేసవిలో క్రీలు వాళ్ల గుంపు మీద పడి, తల్లినీ తండ్రినీ భర్తనీ చంపి ఈమెను పట్టుకుపోయారు. చంటిబిడ్డని బట్టల మూటలో దాచి తెచ్చుకుంటే, అక్కడ మూట విప్పి చూశారు, ఆడవాళ్లలో ఒకామె బిడ్డని చంపేసింది. అవకాశం చూసి పారిపోయింది. దారి తప్పింది. ఏడు నెలలకి పైగా మనిషి మొహం చూడలేదు. దగ్గరున్నది అయిదారు అంగుళాల ఇనప ముక్క, దాన్నే కత్తిగా చేసుకుంది. ఓ బాణం ములుకుని తోలు కుట్టే ఆరగా చేసుకుంది. మొదట కుందేళ్లకి ఉచ్చులు పెట్టడానికి తెచ్చుకున్న నరాల తాళ్లు అరిగిపోతే, దొరికిన కుందేళ్ల కాళ్ల నరాలు తీసి పేని కొత్త ఉచ్చులు చేసింది. తోళ్లతో బట్టలు కుట్టుకుంది, ఊరికే కుట్టడం కాదు, అందంగా అల్లికలు పెట్టి. ఎవరు చూస్తారని? తన కోసం. ఖాళీ వేళల్లో విల్లో చెట్టు లోపలి నార తీసి దారం పేనింది, వసంతం వస్తే చేపల వల అల్లుదామని. వందల బారల దారం చుట్టి పెట్టుకుంది.

నిప్పు రెండు రాళ్లు కొట్టి పుట్టించింది. ఎంతో కష్టపడితే కానీ రవ్వ రాలేది కాదు, అందుకే చలికాలమంతా దాన్ని ఆరనివ్వలేదు. మా అమ్మమ్మ రాత్రిళ్లు పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పి దాచేది. పొద్దున్నకి ఆరిపోతే పక్కింటికి పిడక పట్టుకెళ్లి నిప్పు తెచ్చుకునేది. ఈమెకి పక్కిల్లు లేదు.

దొరికేటప్పటికి ఆమె ఒంటి మీద కండ ఉంది, ఆరోగ్యం ఉంది. హెర్న్ ఆశ్చర్యపోయాడు. మరి ఆ గుంపులో మగవాళ్లు ఏం చేశారు? ఆమె కోసం కుస్తీ పట్టారు. గెలిచినవాడిది భార్య, అది వాళ్ల ఆచారం. ఒక్క రాత్రిలో చేతులు మారింది ఎన్నోసార్లు. మటోనబీకీ ఆశ పుట్టింది. ఆయన భార్యల్లో ఒకామె, ఉన్నవాళ్లనే సరిగా చూసుకోలేకపోతున్నావు కదా అంది. ఆయన చేత్తో, కాలితో కొట్టాడు. కొన్నాళ్లు మంచంపట్టి ఆమె చచ్చిపోయింది.

అవును తల్లీ, అదే మటోనబీ. తోలు బట్టలిచ్చి హెర్న్ ప్రాణం నిలిపినవాడే. ప్రయాణం నిలబడింది ఆడవాళ్ల మీదేనని ఎరిగినవాడే. నాకూ కష్టంగానే ఉంటుంది చెప్పడానికి. కానీ చెప్పకుండా వదిలితే ఆమెను రెండోసారి చంపినట్టు.

1772 జూన్ 30న కోట చేరారు. పద్దెనిమిది నెలల ఇరవై మూడు రోజులు పట్టింది ఈ మూడో నడక. కంపెనీకి లాభం ఒక్క పైసా లేదు. కానీ చర్చిల్ నుంచి ఆర్కిటిక్ దాకా నడిచినా ఎక్కడా ఉప్పునీటి పాయ అడ్డం రాలేదు. అంటే ఖండాన్ని చీల్చే జలసంధి ఆ నడక దారిలో లేదు. 1776లో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ ఓడ ఎక్కినప్పుడు, పసిఫిక్ వైపు నుంచి 65 డిగ్రీల ఉత్తరానికి పోయేదాకా ఆ దారి కోసం వెతుకుతూ టైము పాడుచేసుకోవద్దని ఆజ్ఞ ఇచ్చారు. ఆ మాటకి ఆధారం ఈ నడకే.

తర్వాత హెర్న్ ఆ కోటకే పెద్ద అయ్యాడు. 1782 ఆగస్టులో ఫ్రెంచి నౌకాధిపతి లా పెరూజ్ మూడు యుద్ధ ఓడలతో వచ్చాడు. కోటలో ఉన్నది ముప్ఫై తొమ్మిది మంది. ఫిరంగులు ఉన్నాయి, పేల్చే మనుషుల్లేరు. హెర్న్ లొంగిపోయాడు. ఫ్రెంచివాళ్లు కోటని పేల్చేశారు. లా పెరూజ్ మాత్రం హెర్న్ రాత ప్రతి చదివి, అచ్చు వేయిస్తానని మాటిస్తేనే తిరిగి ఇస్తానని ఇచ్చేశాడు. ఆ శత్రువు వల్లనే మనకి ఈ కథ మిగిలింది.

అదే రోజుల్లో మశూచి డెనేల గుడారాల్లోకి వచ్చింది. పది మందిలో తొమ్మిది మంది పోయారని హెర్న్ అంచనా. కోట కూలిందని, తెల్లవాళ్లు పోయారని విన్న మటోనబీ ఉరి వేసుకున్నాడు. ఆయన్నే నమ్ముకుని ఉన్న భార్యలు ఆరుగురు, పిల్లలు నలుగురు ఆ చలికాలం ఆకలితో చనిపోయారు. బరువులు లాగి ఆ ప్రయాణాన్ని సముద్రం దాకా మోసినవాళ్లలో వాళ్లూ ఉన్నారేమో, వాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు.

హెర్న్ 1787లో ఇంగ్లండు వెళ్లిపోయాడు. 1792లో పోయాడు. పుస్తకం 1795లో అచ్చయింది, అతను చూసుకోలేదు. అందులో మటోనబీ బతుకు గురించి విడిగా రాశాడు, పుట్టుక నుంచి చావు దాకా. సంధి కోసం ఒంటరిగా శత్రువుల గుడారాల్లోకి వెళ్లిన సంగతి రాశాడు. పుస్తకంలో ఇంకోచోట ఆ భార్య చావు కూడా, కారణంతో సహా, అంతే వివరంగా రాశాడు.